ఇంగ్లీషువారి కోసం తయారైన యాప్‌లతో తెలుగువారు జపనీస్ నేర్చుకోవడం ఎలా?

జపనీస్ నేర్పే డిజిటల్ సాధనాలలో ఎక్కువ భాగం ఇంగ్లీషు మాట్లాడేవారిని దృష్టిలో పెట్టుకుని రూపొందినవి. దగ్గరలో జపనీస్ బోధకులు లేని కోనసీమ ఊళ్లలోని విద్యార్థులు కూడా వాటితో నిరభ్యంతరంగా మొదలుపెట్టవచ్చు; అయితే వాటిలో దేన్ని వదిలేయవచ్చో, దేన్ని మార్చుకోవాలో ముందే తెలుసుకోవాలి.

మొదట జపనీస్ రాతలో వాడే హిరగన, కతకన అనే రెండు లిపులను నేర్చుకోండి. ఒక్కోదానిలో 46 మూలాక్షరాలు ఉంటాయి. అవి పట్టుబడిన వెంటనే రోమన్ లిపిని పక్కన పెట్టి, ఫోన్ కీబోర్డులో జపనీస్‌ను చేర్చుకుని టైపు చేయండి. జపనీస్‌లో అచ్చు పొడవు మారితే అర్థమే మారిపోతుంది: 'ఒజిసన్' అంటే బాబాయి లేదా మామయ్య, 'ఒజీసన్' అంటే తాతగారు. హ్రస్వదీర్ఘాలు చిన్నప్పుడే నేర్చిన మనకు ఈ తేడా వినగానే తెలుస్తుంది కనుక, యాప్‌లలో దీనిపై సాగే పాఠాలను త్వరగా దాటిపోవచ్చు.

తరువాత పదాలను కార్డుల రూపంలో గుర్తుపెట్టించే అంకి అనే యాప్ వేసుకోండి. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితంగా దొరికే ఈ సాధనం, పదం మరుపున పడే సమయానికి దాని కార్డును మళ్లీ చూపిస్తుంది. సిద్ధంగా దొరికే కార్డులలో అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి. వాటిని చెరిపి తెలుగులో రాసుకోవడం అన్నిటికంటే ముఖ్యమైన పని అని నా నమ్మకం. 'ఇనె', 'కొమె', 'గొహన్' అనే మూడింటికీ 'రైస్' అని చదివినవారికి తికమక తప్పదు. వరి, బియ్యం, అన్నం అని రాసుకుంటే, కాలువ గట్టున పెరిగిన డెల్టా పిల్లలకు ఇక వివరణే అక్కరలేదు. అలాగే 'అని' అంటే అన్న, 'ఒతోతొ' అంటే తమ్ముడు. రెండింటికీ 'బ్రదర్' అన్న ఒక్క మాట చాలదు.

వ్యాకరణానికి జపాన్ ఫౌండేషన్ ఉచితంగా అందించే 'ఇరొదొరి' పాఠాలను, వాటి ఆడియోను ఒకసారి డౌన్‌లోడ్ చేసుకోండి. క్రియ వాక్యం చివర రావడం మనకు సహజమే. ఒక్క చోట మాత్రం జాగ్రత్త అవసరం: జపనీస్‌లో 'ని' మన 'కి' చేసే పని చేస్తుంది, మన 'ని' పనిని 'ఒ' చేస్తుంది. 'బీమవరము ని ఇకిమసు' అంటే భీమవరానికి వెళ్తాను. 'గొహన్ ఒ తబెమసు' అంటే అన్నాన్ని తింటాను.

జపనీస్‌లో కంజీలు అనే చైనా మూలపు అక్షరాలు కూడా ఉంటాయి; నిత్య వ్యవహారానికి నిర్దేశించినవి 2,136. వాటిని పదాలతో కలిపి నిదానంగా నేర్చుకోండి. తెలియని కంజీ ఎదురైతే, ఇంటర్నెట్ లేకుండానే పనిచేసే తకొబొతొ నిఘంటువులో వెతకవచ్చు.

జపనీస్ భాషా సామర్థ్యాన్ని కొలిచే, ఎన్5 నుంచి ఎన్1 వరకు ఐదు స్థాయిలున్న జేఎల్‌పీటీ పరీక్షలో మాట్లాడే విభాగం లేదు. అందువల్ల మాట్లాడడం వాయిదా పడకుండా, ఇరొదొరి ఆడియోను అనుసరిస్తూ మీ గొంతును ఫోన్‌లో రికార్డు చేసి, రెండింటినీ వెంటవెంటనే విని సరిపోల్చుకోండి.