నడుం పట్టేయకుండా కెటిల్‌బెల్ స్వింగ్ ఎలా నేర్చుకోవాలి?

కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న ఇనుప గుండు) మొదలుపెట్టిన కొత్తలో, రెండు వారాలు తిరక్కుండానే నాకు నడుం పట్టేసింది. బరువు 16 కిలోలే. కానీ కిందికి గుంజీలు తీసినట్టు కూర్చుంటూ, పైకి వచ్చేటప్పుడు చేతులతో లాగుతూ చేశాను. కొత్తవాళ్లలో చాలామంది ఇదే తప్పు చేస్తారు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం స్వింగ్ ఒక్కదానికే, అంటే బరువును కాళ్ల మధ్య నుంచి ఛాతీ ఎత్తుకు ఊపడానికే, ఇస్తున్నాను. అది సరిగ్గా వస్తే మిగతావి తేలికగానే వస్తాయి.

ముందు ఈ బరువు తీరు తెలుసుకోవాలి. డంబెల్‌లో బరువు పిడికి రెండు వైపులా సమంగా ఉంటుంది. కెటిల్‌బెల్‌లో మొత్తం బరువు పిడి కింద, గుండులో ఉంటుంది. అందుకే అది చేతికి దూరంగా వేలాడుతూ గడియారం లోలకంలా ఊగుతుంది. ఊగే బరువును విసరడానికి బలం కావాలి, వెనక్కి వచ్చేటప్పుడు ఆపడానికీ బలం కావాలి. అదే పని ఆగకుండా చేస్తుంటే ఆయాసం కూడా వస్తుంది. కండబలం, దమ్ము ఒకే వ్యాయామంలో పెరగడానికి కారణం ఇదే.

రష్యాలో దీన్ని గిర్యా అంటారు. ఒకప్పుడు అక్కడ ధాన్యం తూచడానికి వాడిన తూకపు రాయి ఇది. వాళ్ల పాత కొలత పూడ్ అంటే దాదాపు 16 కిలోలు. 16, 24, 32 కిలోల సైజులు అంత మామూలుగా కనిపించడానికి కారణం అదే: ఒక పూడ్, ఒకటిన్నర, రెండు.

బరువు ఎంచుకోవడం

ఇంతకుముందు బరువులు ఎత్తే అలవాటు లేకపోతే ఆడవాళ్లకు 8 లేదా 12 కిలోలు, మగవాళ్లకు 12 లేదా 16 కిలోలు చాలు. మరీ తేలికది తీసుకున్నా ఇబ్బందే. చేతులతోనే లేచిపోతుంది కాబట్టి తుంటి పని చేయడం నేర్చుకోదు. కొనేముందు పిడి లోపలి వైపు వేలు పెట్టి తడిమి చూడండి. పోతపోసిన అతుకు గీత గరుగ్గా తగిలితే అది అరచేతిని చీరేస్తుంది. రెండు చేతులూ పిడిలో ఇరుకు లేకుండా పట్టాలి. పోటీల్లో వాడే రంగురంగుల కెటిల్‌బెల్స్ బరువు మారినా ఒకే సైజులో ఉంటాయి. వాటి పిడి ఒక చేతికి తగ్గట్టు చేస్తారు కాబట్టి, మొదటిది పోత ఇనుముదైతే మంచిది.

డిస్క్ సమస్య, గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి.

మొదటి మెట్టు: తుంటి దగ్గర వంగడం

బరువు పక్కన పెట్టండి. గోడకు వీపు చేసి, జానెడు దూరంలో నిలబడండి. పాదాలు భుజాలంత ఎడంగా ఉండాలి. మోకాళ్లు కొంచెం సడలించి, పిరుదులను వెనక్కి తోసి గోడకు తాకించండి. తాకితే పాదాలను రెండు వేళ్లు ముందుకు జరిపి మళ్లీ చేయండి. పిక్కలు దాదాపు నిలువుగానే ఉండాలి, తొడల వెనక నరాలు లాగినట్టు తెలియాలి.

వీపు వంగుతోందో లేదో తెలియాలంటే ఒక కర్ర తీసుకుని వెన్ను మీద నిలువుగా పట్టుకోండి. అది తల వెనక, భుజాల మధ్య, వెన్ను చివరి ఎముక దగ్గర తగలాలి. వంగినప్పుడు ఈ మూడింటిలో ఏ చోటు వదిలేసినా వీపు గుండ్రంగా అయిందన్నమాట. ఈ కర్ర పరీక్ష నాకు ఏ వీడియో కంటే ఎక్కువ నేర్పింది. రోజూ 20 సార్ల చొప్పున ఒక వారం చేయండి, తొందర వద్దు.

రెండో మెట్టు: నేల మీద నుంచి ఎత్తడం

కెటిల్‌బెల్‌ని చీలమండల మధ్య పెట్టి, అదే వంగుడుతో పిడి పట్టుకుని నిలబడండి. పైకి వచ్చాక పిరుదులు గట్టిగా బిగించాలి. ఐదేసి చొప్పున మూడు సార్లు. ఇది నొప్పి లేకుండా చేయగలిగితేనే స్వింగ్‌కి వెళ్లండి.

మూడో మెట్టు: స్వింగ్

బరువును మీకు ఒక అడుగు ముందు పెట్టండి. వంగి రెండు చేతులతో పిడి పట్టుకుని, ఆ పిడిని కొంచెం మీ వైపు వంచండి. అక్కణ్ణుంచి దాన్ని కాళ్ల మధ్యగా వెనక్కి గట్టిగా లాగండి. అది మోకాళ్ల కంటే పైనుంచే వెళ్లాలి, ముంజేతులు తొడల లోపలి వైపు తగలాలి. తగిలిన క్షణంలోనే ఒక్క ఉదుటున లేచి నిలబడండి. బరువు దానంతటదే ఛాతీ ఎత్తుకు తేలుతుంది. చేతులు తాడులాంటివి, వాటితో లాగొద్దు. పైన "హస్" అని చప్పుడు వచ్చేలా గాలి వదలండి. వెనక్కి వాలకండి, నిటారుగా నిలబడితే చాలు.

దిగేటప్పుడే అసలు కిటుకు ఉంది. బరువు కిందికి రాగానే వంగిపోవాలనిపిస్తుంది. ఆగండి. చేతులు తొడలకు తగలబోయే దాకా నిటారుగానే ఉండి, అప్పుడు వంగండి. ముందే వంగితే బరువు మోకాళ్ల కిందికి జారి, భారమంతా నడుం మీద పడుతుంది. నాకు జరిగింది ఇదే.

అనుమానంగా ఉంటే పిడిలోంచి ఒక చిన్న తువ్వాలు దూర్చి, రెండు కొసలూ కలిపి గట్టిగా పట్టుకుని స్వింగ్ చేయండి. పైన తువ్వాలు, గుండు ఒకే గీతలో ఉంటే తుంటి విసురుతోంది. గుండు కిందికి వేలాడుతుంటే మీరు భుజాలతో లేపుతున్నారు.

మర్నాడు పిరుదులు, తొడల వెనక భాగం నొప్పిగా ఉంటే సరిగ్గా చేసినట్టే. నడుం నొప్పిగా ఉంటే మళ్లీ గోడ దగ్గరికి వెళ్లండి.

వారానికి ఎంత?

మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామంతో. ఐదు నిమిషాలు ఒళ్లు వేడెక్కించాక, కెటిల్‌బెల్‌ని ఛాతీకి ఆనించి పట్టుకుని గోబ్లెట్ స్క్వాట్ (గుంజీలా కూర్చుని లేవడం) ఐదేసి చొప్పున మూడు సార్లు. తర్వాత గడియారం ముందు పెట్టుకోండి. నిమిషం మొదలవగానే 10 స్వింగ్‌లు, మిగిలిన సమయం విశ్రాంతి. మొదట ఐదు నిమిషాలు చాలు. నెమ్మదిగా పది నిమిషాలకు, అంటే 100 స్వింగ్‌లకు వెళ్లండి. ఒక వాక్యం ఆగకుండా మాట్లాడలేకపోతుంటే ఆ నిమిషం వదిలేయండి. అలసటలో ఫామ్ చెడి చేసే స్వింగ్ వల్ల లాభం లేదు.

అరచేతిలో కాయలు కాస్తాయి. స్నానం తర్వాత వాటిని రాయితో మెల్లగా అరగదీయండి, లేకపోతే పిడికి పట్టుకుని చీలిపోతాయి. చెమట పట్టి పిడి జారుతుంటే ఆపి తుడుచుకోండి. ముందు, వెనక మనుషులెవరూ లేకుండా చూసుకోండి. బరువు అదుపు తప్పితే పట్టుకోవడానికి ప్రయత్నించకుండా వదిలేసి పక్కకు జరగండి. చదునైన అడుగున్న బూట్లు వేసుకోండి, లేదా వట్టి కాళ్లతో చేయండి. మెత్తటి రన్నింగ్ బూట్లలో మడమ ఊగుతుంది.

100 స్వింగ్‌లూ ఒకే తీరుగా, రెండు వారాల పాటు చేయగలిగాకే బరువు పెంచండి. 16 నుంచి 20కి వెళ్లడమంటే నాలుగు కిలోలే కదా అనిపిస్తుంది, కానీ అది ఉన్నదాని మీద పావు వంతు ఎక్కువ. కొత్త బరువుతో మళ్లీ ఐదు నిమిషాల నుంచే మొదలుపెట్టండి.