ఎల్లిగడ్డ మానొద్దు, వాసన సంగతి చూసుకుందాం

పెనం మీద నుంచి దించిన జొన్న రొట్టె మీద, అప్పుడే రోట్లో దంచిన ఎల్లిగడ్డ కారం పెట్టి, పైన కాస్త నూనె పోసుకుని తినే మనిషికి "వాసన వస్తుంది, మానెయ్" అని చెప్పడం దండగ. పాలమూరులో అయినా నల్గొండలో అయినా పప్పు పోపు నుంచి మామిడికాయ తొక్కు దాకా, బోటి నుంచి తలకాయ కూర దాకా ఎల్లిగడ్డ పడాల్సిందే. అందుకే ఇది మానేవాళ్ల కోసం రాసింది కాదు. తింటూనే పక్కవాళ్ల ముక్కుకు ఇబ్బంది తగ్గించాలనుకునే వాళ్ల కోసం.

ముందు తేల్చుకోవాల్సింది, వచ్చే వాసన ఏది అని. నోట్లో ఉండే వాసన వేరు, రక్తంలో కలిసి ఊపిరితో బయటికి వచ్చేది వేరు. మొదటిదానికి పనికొచ్చే చిట్కా రెండోదానికి పనిచేయదు. ఎవరి వాసన వాళ్లకు తెలియదు కాబట్టి ఇంట్లో మొహమాటం లేని మనిషిని పట్టుకోండి. ఒకసారి నోటితో గాలి వదలండి, ఇంకోసారి నోరు గట్టిగా మూసి ముక్కుతో వదలండి. నోటి గాలిలోనే కంపు ఉంటే అది నోటి సమస్య. ముక్కు గాలిలో కూడా ఉంటే ఊపిరితిత్తుల నుంచి వస్తోందన్నమాట.

సమస్య: బ్రష్ చేశాను, మౌత్‌వాష్ పుక్కిలించాను, అయినా పోవడం లేదు

ఎక్కువ మంది తల పట్టుకునేది ఇక్కడే. చెక్కుచెదరని ఎల్లిగడ్డ రెబ్బకు వాసన దాదాపు ఉండదు. దానిలో అల్లీన్ అనే పదార్థం ఒకచోట, అల్లినేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట విడివిడిగా ఉంటాయి. రోకలి దెబ్బ పడి కణాలు చిట్లగానే రెండూ కలుస్తాయి, క్షణాల్లో అల్లిసిన్ పుడుతుంది. ముక్కుకు ఘాటుగా తగిలేది అదే. అల్లిసిన్‌కు నిలకడ లేదు. విడిపోయి రకరకాల గంధకపు వాయువులవుతుంది. వాటిలో చాలావాటిని పేగులు, కాలేయం విరిచేస్తాయి. అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ అనేది మాత్రం విరగదు. అది పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లి, ఊపిరితో, చెమటతో, మూత్రంతో కొంచెం కొంచెంగా బయటికి పోతుంది.

1936లోనే అమెరికా డాక్టర్లు దీన్ని పట్టుకున్నారు. నోటికి తగలకుండా ట్యూబు ద్వారా ఎల్లిగడ్డ సూప్ నేరుగా కడుపులోకి పంపిన రోగికి కూడా ఊపిరిలో వాసన వచ్చింది. 1999లో ఇంకో పరిశోధన వాయువులను కొలిచి మరీ చూపింది: తిన్న కొత్తలో వచ్చే వాసన నోటిది, గంటలు గడిచాక మిగిలేది పేగుల నుంచి వచ్చేది. ఇక పళ్లు ఎంత తోమితే మాత్రం ఏం లాభం?

రక్తంలో కలిసిన దాన్ని బయటికి లాగే మందు లేదు. ఒక రోజు, కొందరికి ఇంకాస్త ఎక్కువ, ఆగాల్సిందే. సోంపు, ఇలాచి, పాన్ వేసుకుంటే పైన ఇంకో వాసన కలుస్తుంది, అంతే. బస్సులో పక్క సీటు ఆయనకు అప్పుడు రెండూ తగులుతాయి.

చేయగలిగిందంతా తినేటప్పుడే చేయాలి. ఇక్కడ మన భోజనం మనకు కలిసొస్తుంది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చాలా ఏళ్లుగా ఇదే పని మీద ఉన్నారు. 2010లో వాళ్లు పాలతో చూశారు. వెన్న తీసిన పాల కంటే వెన్న ఉన్న పాలు బాగా పనిచేశాయి, తిన్నాక తాగడం కంటే తింటూ తాగడం మేలని తేలింది. 2016లో పచ్చి ఆపిల్, పచ్చి పుదీనా, లెట్యూస్ ఆకు నమిలించి చూస్తే అరగంటలో ఊపిరిలోని ఆ వాయువులు సగానికి పైగా తగ్గాయి. గ్రీన్ టీతో ఏమీ కాలేదు. 2023లో పెరుగు వంతు. పచ్చి ఎల్లిగడ్డకు పెరుగు కలిపితే వాసన వాయువులు 99 శాతం దాకా అణిగిపోయాయి. ఇది సీసాలో చేసిన ప్రయోగం, మనుషుల నోట్లో చేసింది కాదు. అందుకని 99 అన్న అంకె మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. దారి మాత్రం సరైనదే. పెరుగులోని కొవ్వు, ప్రొటీన్ రెండూ ఆ వాయువులను పట్టుకుంటాయి.

కాబట్టి రొట్టె, కారం తింటుంటే పక్కన గడ్డపెరుగు గిన్నె పెట్టుకోండి. చివర్లో పెరుగన్నం తినే అలవాటు ఉన్నా, కారంతోపాటే నంజుకుంటే ఇంకా మంచిది. నీళ్లలాంటి పల్చటి మజ్జిగను అంతగా నమ్ముకోవద్దు, దానిలో కొవ్వు, ప్రొటీన్ రెండూ తక్కువే. పెరుగు పడనివాళ్లకు పచ్చి పుదీనా ఉంది. ఉడికించిన పుదీనా చట్నీ కాదు, కడిగిన ఆకులు నాలుగు నోట్లో వేసుకుని నమలడం. ఆపిల్ అయితే ముక్కలు కోసి గంటలపాటు డబ్బాలో పెట్టకుండా అప్పటికప్పుడు కొరుక్కు తినండి.

సమస్య: తిన్న వెంటనే మాట్లాడితే ఎదుటివాళ్లు ముఖం పక్కకు తిప్పుకుంటున్నారు

ఇది సులువైన కేసు. పళ్ల సందుల్లో ఇరుక్కున్న తునకలు, నాలుక వెనక భాగంలో పేరుకున్న పాచి. దారంతో సందులు శుభ్రం చేసుకుని, నాలుక గీసుకుని, నీళ్లు పుక్కిలిస్తే ఈ భాగం చాలావరకు పోతుంది.

సమస్య: ఆఫీసులో టిఫిన్ బాక్స్ మూత తీయగానే గదంతా వాసన

నల్గొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. పొద్దున్నే బస్సెక్కి ఉద్యోగానికి పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్లు ఉన్నారు. పల్లె వెలుగులో కిటికీ తెరిస్తే గాలికి సరిపోతుంది. ఏసీ బస్సులో అద్దాలు మూసి ఉంటాయి, బ్యాగులోని డబ్బా రెండు గంటలకు పైగా దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. "ఏందన్నా, పొద్దుగాల్నే ఎల్లిగడ్డ కారమా?" అని పక్కవాళ్లు నవ్వుతూ అన్నా, ఆ నవ్వులో సగం నిష్టూరమే.

ఇక్కడ తప్పు మనిషిది కాదు, డబ్బాలో ఉన్న పచ్చి కారానిది. దంచడానికి ముందే వేడి తగిలితే అల్లినేజ్ చచ్చిపోతుంది, ఇక తర్వాత ఎంత దంచినా అల్లిసిన్ పెద్దగా పుట్టదు. వరుసే ముఖ్యం. దంచి వేయిస్తే అప్పటికే వాయువులు పుట్టేసి ఉంటాయి. పొట్టుతోనే పెనం మీద వేసి, మూత పెట్టి, అటూ ఇటూ తిప్పుతూ, వేలితో నొక్కితే లోపల మెత్తగా దిగేదాకా కాల్చండి. పొట్టు మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి, రెబ్బను కింది నుంచి వత్తితే ముద్దలా జారి బయటికొస్తుంది. దాన్ని ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు, కాస్త చింతపండుతో దంచండి.

నిజం చెప్పాలంటే అది వేరే కారం. ఘాటు పోయి తీపి వస్తుంది, ముక్కుల్లోంచి పొగలు రావు. పచ్చి కారం రుచి మరిగినవాళ్లకు మొదట చప్పగానే అనిపిస్తుంది. నా లెక్కలో ఆఫీసు రోజులకు కాల్చిన కారం, శనివారం రాత్రికి పచ్చి కారం. ఆదివారం ఇంట్లో అందరూ తిన్నవాళ్లే కాబట్టి ఎవరికీ ఎవరి వాసనా తెలియదు.

కాల్చే ఓపిక లేకపోతే మధ్యే మార్గం ఒకటుంది. నిమ్మరసం పిండి, ఆ పులుపులోనే ఎల్లిగడ్డ దంచండి. గట్టి పులుపు కూడా ఆ ఎంజైమ్‌ను అణుస్తుంది. ఘాటు పూర్తిగా పోదు, తగ్గుతుంది. ముందే దంచేసి తర్వాత నిమ్మకాయ పిండితే మాత్రం ఈ లాభం ఉండదు.

సమస్య: ఎండాకాలంలో చొక్కాకు కూడా ఎల్లిగడ్డ వాసన

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర చెమట ఎలా కారుతుందో చెప్పనక్కర్లేదు. రక్తంలో ఉన్న వాయువే చెమటలోనూ కొంత వస్తుంది. రోజూ ఉతికిన కాటన్ బట్ట, సాయంత్రం ఇంకోసారి స్నానం, ఇంతకు మించి చేసేదేమీ లేదు.

చెమట గురించి మరీ టెన్షన్ పడేవాళ్లకు ఒక కబురు. 2016లో చెక్ దేశపు పరిశోధకులు మగవాళ్లకు ఎల్లిగడ్డ పెట్టి, వాళ్ల చంకల్లో పెట్టిన దూది ప్యాడ్లను ఆడవాళ్లతో వాసన చూపించారు. 6 గ్రాములు తిన్నప్పుడు తేడా ఏమీ కనబడలేదు. 12 గ్రాములు తిన్నవాళ్ల వాసన మాత్రం తిననప్పటి కంటే బాగుందని ఆ ఆడవాళ్లు మార్కులేశారు. నోటి వాసన లెక్క అందులో లేదు, కాబట్టి ఇంట్లో వాదనకు ఈ పరిశోధనను వాడుకునే ముందు ఆలోచించండి.

సమస్య: మిక్సీ జారు, ఫ్రిజ్, ప్లాస్టిక్ డబ్బా

రాత్రి ఎల్లిగడ్డ రుబ్బిన జారులో పొద్దున పల్లీల చట్నీ చేస్తే చట్నీకి ఆ వాసన. జారు తళతళలాడుతూనే ఉంటుంది. దోషం మూత అంచులో ఉండే రబ్బరు రింగుది. దాన్ని గోటితో ఊడదీసి చూడండి, కింద పచ్చగా జిగటగా పాత ముద్ద కనబడుతుంది. రింగును విడిగా సబ్బుతో కడిగి, ఆరాకే తిరిగి పెట్టండి. ఎల్లిగడ్డకు పాత జారు ఒకటి విడిగా ఉంచుకుంటే గొడవే లేదు.

ప్లాస్టిక్ డబ్బాకు ఎక్కిన వాసన పూర్తిగా వదలదు. ఎండలో పెడితే కొంత తగ్గుతుంది. గాజు సీసా గానీ, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బా గానీ వాడండి. ఒక మాట జాగ్రత్తగా వినండి: ఫ్రిజ్ వాసన వస్తోందని, నూనెలో ముంచిన పచ్చి ఎల్లిగడ్డను బయట గట్టు మీద రోజుల తరబడి ఉంచొద్దు. నూనె కింద గాలి తగలదు, అక్కడ బొటులిజం తెచ్చే సూక్ష్మజీవి పెరిగే ప్రమాదముంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. కొంచెంగా చేసుకుని, ఫ్రిజ్‌లోనే పెట్టి, నాలుగు రోజుల్లో అవగొట్టండి.

చేతులకైతే పొట్టు తీసిన వెంటనే చల్లటి నీళ్లతో కడిగి, ఉప్పు, నిమ్మ చెక్కతో రుద్దితే సరిపోతుంది. స్టీలు గ్లాసుకు రుద్దితే పోతుందని చాలామంది చెబుతారు. గట్టి రుజువు లేదు, ఖర్చూ లేదు, కావాలంటే రుద్దుకోండి.

సమస్య: రేపు వ్రతం, లేదా ఎల్లిగడ్డ ముట్టని వాళ్లింటికి పోవాలి

పొద్దున మానేస్తే చాలదు. ముందు రోజు పొద్దున్నుంచే పచ్చి ఎల్లిగడ్డ ఆపండి, ఎందుకంటే ఆ వాయువు పోవడానికి రోజంతా పడుతుంది. కార్తీక మాసంలో నెలంతా మానే ఇళ్లలో ఈ లెక్క వాళ్లకు అలవాటే. తప్పనిసరిగా తిన్నాక పిలుపొస్తే పెరుగు, పుదీనా, కాస్త దూరంగా కూర్చోవడం.

సమస్య: బాలింతకు ఎల్లిగడ్డ పెడితే పాలకు వాసన వచ్చి బిడ్డ తాగదేమో

మన దగ్గర బాలింతకు ఎల్లిగడ్డ కారం అన్నంలో కలిపి పెట్టడం పాత పద్ధతి. "అత్తమ్మా, వద్దు, పాలు వాసనొస్తయట" అని ఈ మధ్య కోడళ్లు భయపడుతున్నారు. పాలకు వాసన రావడం నిజమే. 1991లో అమెరికాలో తల్లులకు ఎల్లిగడ్డ మాత్రలిచ్చి చూస్తే, దాదాపు రెండు గంటలకు పాలలో ఆ వాసన బాగా పెరిగింది. బిడ్డలు మాత్రం ముఖం తిప్పుకోలేదు, ఇంకాస్త ఎక్కువసేపే రొమ్ము పట్టారు. ఒక బిడ్డ నిజంగానే చిరాకు పడుతుంటే రెండు రోజులు ఆపి చూడండి, తేడా ఉందో లేదో తెలిసిపోతుంది.

సమస్య: ఎల్లిగడ్డ తిని వారమైంది, వాసన మాత్రం ఉంది

అయితే నేరం ఎల్లిగడ్డది కాదు. చిగుళ్ల జబ్బు, పుచ్చిన పన్ను, టాన్సిల్స్‌లో పేరుకునే తెల్లటి గడ్డలు, సైనస్, గుట్కా, వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది. తోముతుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తే ముందు పళ్ల డాక్టర్ దగ్గరికి పోండి. షుగర్ ఉన్న మనిషి నోట్లోంచి పండిన పండు లాంటి, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి వాసన వస్తూ, వాంతులు, ఆయాసం కూడా ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గుండెకు మంచిదని పరగడుపున పచ్చి రెబ్బలు మింగేవాళ్లు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. ఆపరేషన్ ఉంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో ఆయన్నే అడగండి. కూరలో పడే ఎల్లిగడ్డకు ఇంత ఆలోచన అక్కర్లేదు.