డిఫరెన్షియే: ఒక్కో పద్దూ ఇలా చదవండి

అర్థంలోనో రూపంలోనో దగ్గరగా ఉన్న లాటిన్ మాటల్ని పక్కపక్కన పెట్టి తేడా చెప్పే మధ్యయుగపు సంకలనాలను డిఫరెన్షియే అంటారు. కొత్తవాళ్లు సెవిల్ బిషప్ ఇసిడోర్ (మరణం 636) కూర్చినదానితో మొదలుపెట్టండి. మీన్ అచ్చువేసిన లాటిన్ క్రైస్తవ రచనల పెద్ద సంకలనం ‘పత్రోలోజియా లాటినా’ 83వ సంపుటంలో అది ఉంది.

మొదటి పేజీ నుంచి వరసగా చదివితే విసుగొస్తుంది, నాకైతే పది పద్దులకే నిద్ర వస్తుంది. ఒక పద్దు తీసుకుని, తేడా అర్థంలో ఉందా, వినికిడిలో ఉందా చూడండి. ఒంట్లో ఉంటే ‘సాంగ్విస్’, బయటికి కారితే ‘క్రుఓర్’. రెండూ నెత్తురే, ఇది అర్థం తేడా. ‘అకెర్వుస్’ అంటే కుప్ప, ‘అకెర్బుస్’ అంటే పచ్చి, పులుపు. వీటి అర్థాలను ఎవరూ కలగలపరు. మాట్లాడే లాటిన్‌లో వ, బ ఒకటైపోయాక స్పెల్లింగ్ దగ్గరే టెన్షన్. నాకు ఈ రెండో రకమే ఇష్టం, అప్పటి పిల్లలు ఎక్కడ తడబడేవారో నేరుగా చెబుతుంది కాబట్టి.

రాతప్రతి చూస్తుంటే ఇంకాస్త జాగ్రత్త. లేఖకులు ‘ఐ’ (ae) ఉండాల్సిన చోట తరచూ ‘ఎ’ (e) రాసేవారు. అప్పుడు న్యాయమైన ‘ఐక్వుస్’, గుర్రమైన ‘ఎక్వుస్’ ఒకేలా కనిపిస్తాయి. హ్రస్వదీర్ఘాలకూ మామూలుగా గుర్తులుండవు. ‘మాలుమ్’ ఆపిల్, ‘మలుమ్’ చెడు, కాగితం మీద రెండూ ఒకటే. 12వ శతాబ్దంలో విల్టన్‌కు చెందిన సెర్లో ఇలాంటి జంటల మీద పద్యాలే కట్టాడు.

ఆ తర్వాత సూత్రాన్ని పరీక్షించండి. అడిగితే ఇచ్చే మాట ‘ప్రోమిత్తెరె’, అడక్కుండా ఇచ్చేది ‘పొల్లికేరి’ అని రోమన్ కవి వర్జిల్‌కు వ్యాఖ్య రాసిన సెర్వియుస్ అన్నాడు. వినడానికి ముచ్చటగా ఉంది కానీ ప్రాచీన రచయితలు ప్రతిసారీ ఆ గీత పాటించలేదు. అందుకే నా నోట్‌బుక్‌లో ‘పంతులు చెప్పింది’, ‘రచయిత వాడింది’ అని రెండు గడులు పెట్టుకుంటాను. ఈ సంకలనాలను వాడుకకు సాక్ష్యంగా కోట్ చేసేవాళ్లతో నాకు పేచీ అక్కడే.

ఇక రాతప్రతి మొదట్లో ఉండే రచయిత పేరు. ప్రాచీన రోమన్ రచయితలు సిసెరో పేరుతో, సుయెతోనియుస్ పేరుతో కూడా ఇలాంటివి చలామణి అయ్యాయి, నమ్మేయకండి. కాపీ చేసేవాళ్లు పాతవాటి నుంచి తీసుకుని, అక్షరక్రమంలోకి మార్చి, తమవి కలిపేవారు. పేరుకంటే వరస చూడండి: అక్షరక్రమంతో సంబంధం లేకుండా నాలుగైదు పద్దులు రెండు ప్రతుల్లో అదే వరసలో వస్తే, ఒకటి రెండోదాన్ని చూసి రాసిందనో, రెండిటికీ మూలం ఒకటేననో అనుమానించవచ్చు.