గాజు పెంకుల బేరం – మూడో పాఠం: టన్ను సరుకును చెడగొట్టే టీ కప్పు

కిందటి పాఠంలో పాత సీసాలను మూడు కుప్పలు చేశాం: తెల్లవి (అంటే రంగు లేనివి), గోధుమ రంగువి, పచ్చవి. పగలని బీరు సీసాను ఎందుకు పగలగొట్టకూడదో ఆలోచించి రాసుకోమని కూడా చెప్పాను. జవాబు చాలా చిన్నది. కడిగి మళ్లీ నింపుకొనే సీసా లెక్కకు అమ్ముడుపోతుంది, పెంకు కాటాకు అమ్ముడుపోతుంది. లెక్కకు పోయే సరుకును కాటా ఎక్కిస్తే చేజేతులా నష్టపోవడమే. మూతి పెచ్చు ఊడినవీ నెర్రె పడినవీ మాత్రమే పెంకుల కుప్పలోకి వెళ్లాలి.

ఈ పాఠంలో నేర్చుకొనేది ఏరివేత. కుప్పలో ఏం వేయాలన్నది రెండు రోజుల్లో పట్టుబడుతుంది. ఏం తీసేయాలన్నది పట్టుబడటానికి నాకు రెండేళ్లు పట్టింది.

ముందుగా కొనేవాడి వైపు నుంచి చూద్దాం. సీసాల ఫ్యాక్టరీలో ఇసుక, సోడా యాష్ (సోడియం కార్బొనేట్ పొడి), సున్నపురాయి కలిపి సుమారు 1500 డిగ్రీల వేడిలో కరిగిస్తారు. సోడా యాష్, సున్నపురాయి కరిగేటప్పుడు వాటి బరువులో కొంత కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోతుంది. అందువల్ల టన్ను గాజు రావాలంటే దాదాపు 1.2 టన్నుల ముడిసరుకు కావాలి. పెంకుకు ఈ తరుగు లేదు, టన్ను వేస్తే టన్ను గాజూ వస్తుంది. పైగా అది ఒకసారి కరిగి గాజు అయిన సరుకే కాబట్టి త్వరగా కరుగుతుంది. కొలిమిలో వేసే సరుకులో పెంకు 10 శాతం పెరిగిన ప్రతిసారీ ఇంధనం 2.5 నుంచి 3 శాతం ఆదా అవుతుంది. ఈ ముడిసరుకుల్లో ఇసుక చవక, సోడా యాష్ ఖరీదు. కాబట్టి మీ పెంకు ధర ఎటు పోతుందో తెలియాలంటే ఇసుక ధరను పట్టించుకోకండి, సోడా యాష్ ధరనూ కొలిమి ఇంధనం ధరనూ కనిపెట్టి ఉండండి. అవి పెరిగిన నెలలో ఫోనులో కొనుగోలుదారు గొంతు కూడా మెత్తబడుతుంది!

ఇంత లాభం ఉన్నా ఫ్యాక్టరీవాళ్లు మన లోడును అనుమానంగానే చూస్తారు. అందుకు కారణం పింగాణీ.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక లారీ లోడు గేటు దాటకుండానే వెనక్కి వచ్చింది. సరుకు చూసే ఆయన ఒక బస్తా విప్పి టార్పాలిన్ మీద బోర్లించి, కాలి బూటుతో పెంకులను అటూఇటూ నెట్టాడు. వంగి చిటికెన వేలంత తెల్ల ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. టీ కప్పు చెవి! ఒక్క మాట కూడా అనలేదు. రానూపోనూ కిరాయి నా నెత్తిన పడింది.

ఆ వేడికి గాజు కరుగుతుంది కానీ పింగాణీ, మట్టిపాత్ర, గులకరాయి అంత తొందరగా కరగవు. కొత్త సీసా గోడలో అవి తెల్లటి రాయిలా ఇరుక్కుపోతాయి. సీసా చల్లారేటప్పుడు గాజు ఒక తీరున ముడుచుకుంటే ఆ రాయి మరో తీరున ముడుచుకుంటుంది. సీసా సరిగ్గా అక్కడే పగులుతుంది, అదీ కొన్నిసార్లు సోడా నింపిన తరువాత. ఐరోపా సమాఖ్య 2012లో చేసిన 1179వ నిబంధన ప్రకారం, కరిగించడానికి సిద్ధమైన పెంకులో ఇలాంటి రాయి, పింగాణీ టన్నుకు 100 గ్రాములలోపే ఉండాలి. మీ ఇంట్లో టీ కప్పును తూకం వేసి చూడండి. నా కప్పు 160 గ్రాములు తూగింది. అంటే ఒక్క కప్పుతో టన్ను సరుకు గీత దాటిపోతుంది. మన దగ్గర ఒక్కో ఫ్యాక్టరీ ఒక్కో లెక్క పెట్టుకుంటుంది, కానీ భయం అందరిదీ ఒకటే.

పింగాణీని పట్టుకోవడం తేలిక. పెంకును ఎండకు ఎత్తి పట్టుకోండి. వెలుతురు అవతలి నుంచి రాకపోతే పక్కన పడేయండి. తెల్ల భోజనం ప్లేట్లలో గాజువీ ఉంటాయి కదా అని తర్కం చేయకండి, అవీ బయటికే.

అసలు దొంగ వేరే ఉంది. వేడికి తట్టుకొనే గాజు, అంటే బోరోసిలికేట్. ప్రయోగశాల బీకర్లు, కాఫీ జగ్గులు, ఓవెన్‌లో పెట్టే కొన్ని గిన్నెలు దీనితో చేస్తారు. చూడటానికి తెల్ల సీసా పెంకులాగే ఉంటుంది, మోగడం కూడా అలాగే మోగుతుంది. కొలిమిలో మాత్రం మామూలు గాజుతో పాటు కరగక గడ్డలుగా మిగులుతుంది. దీన్ని పట్టడానికి వంటింట్లో నూనె చాలు.

ఒక గాజు గ్లాసులో పొద్దుతిరుగుడు నూనె సగం దాకా పోయండి. సీసా పెంకును కడిగి, తుడిచి, పట్టకారుతో నూనెలో ముంచండి. అంచులన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. ఇప్పుడు పగిలిన బీకరు ముక్కను ముంచండి. నూనెలోకి దిగినంత మేరా ముక్క మాయమవుతుంది, పట్టకారు మొన మాత్రం ఏమీ పట్టుకోనట్టు కనిపిస్తుంది. నూనె, బోరోసిలికేట్ రెండూ కాంతిని దాదాపు ఒకేలా వంచుతాయి. ఎంత వంచుతాయో చెప్పే అంకె, అంటే వక్రీభవన గుణకం, రెండింటికీ 1.47 దగ్గర ఉంటుంది, సీసా గాజుది 1.52. మొదటిసారి చూసినప్పుడు నేను గ్లాసులో వేలు పెట్టి వెతికాను. ఆ పని మీరు చేయకండి, తెగుతుంది.

ప్రతి పెంకునూ ముంచమని కాదు. మందంగా ఉండి, సీసా వంపు లేకుండా, అంచు నుంచి చూస్తే పచ్చదనం బొత్తిగా కనిపించని ముక్కలను మాత్రం ముంచండి. ఇంజెక్షన్ సీసాలు చాలావరకు ఈ జాతివే, కానీ వాటిని పరీక్షించే పని పెట్టుకోవద్దు. ఆసుపత్రి గాజు మన దేశపు 2016 నాటి నిబంధనల ప్రకారం నీలం డబ్బాలోకి పోవాలి, మన గోదాముకు రాకూడదు. పాత రకం (ఎల్‌ఈడీ కాని) ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది, వాటినీ ముట్టుకోకండి.

లోహం సంగతి. ఇనుప మూతలను అయస్కాంతం లాగేస్తుంది. విస్కీ సీసా మెడకు మిగిలిపోయే అల్యూమినియం చుట్టు దానికి చిక్కదు. కొలిమిలో ఆ అల్యూమినియం గాజులోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. గాజులో ఆ ఆక్సిజన్‌తో కలిసి ఉన్న సిలికాన్ చిన్న గుండులా మిగిలి, సీసాకు బలహీనమైన చోటవుతుంది. కటింగ్ ప్లేయర్‌తో చుట్టును కత్తిరించి తీయండి. చేయి తిరిగితే సీసాకు అయిదు సెకన్లు. కాగితం లేబుల్ గురించి అంత బెంగ అక్కర్లేదు, కొద్దిగా ఉంటే కాలిపోతుంది.

కిటికీ అద్దాలను వేరే బస్తాలో దాచండి. రాత్రి హెడ్‌లైటు పడగానే రోడ్డు మీది తెల్ల గీత మెరుస్తుంది కదా, అందులో ఉండే సన్నని గాజు పూసలు చాలావరకు ఇలాంటి అద్దాల పెంకు నుంచే వస్తాయి. గాజు ఉన్ని (వేడినీ చప్పుడునూ ఆపడానికి వాడే, దూదిలాంటి గాజు పోగులు) చేసేవాళ్లూ కొంటారు. కారు ముందు అద్దాన్ని మాత్రం కలపకండి, రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది.

అభ్యాసం: మీ లోడు 8 టన్నులు. పైన చెప్పిన ఐరోపా గీతే మీకూ పెట్టారనుకోండి. 160 గ్రాముల కప్పులు ఎన్ని కలిస్తే లోడు గీత మీదికి వస్తుంది? (జవాబు: 800 గ్రాములు, అంటే 5 కప్పులు.) తరువాత మీ కుప్పలోంచి 10 కిలోల తెల్ల పెంకు తీసి నల్ల గుడ్డ మీద పరిచి, దొరికిన పరాయి ముక్కలను తూకం వేసి రాసుకోండి. చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు తప్పనిసరి.

వచ్చే పాఠం కిరాయి లెక్క. భువనగిరికో నాయుడుపేటకో లారీ పంపితే డీజిలుకు పోగా ఏం మిగులుతుందో చూద్దాం. పాత కాటా చీటీలు ఉంటే రెండు మూడు దగ్గర పెట్టుకోండి. తరుగు కింద ఎంత కోశారో వాటి మీదే చదువుదాం.