గుమ్మడి విత్తనం పెరట్లోనే

ఏటా గుమ్మడి విత్తనాల పొట్లం కొనడం, అందులో సగం మొలవకపోవడం నాకు మామూలైపోయింది. నిరుటి నుంచి కడపలో మా పెరటి కాయ నుంచే తీసి పెట్టుకుంటున్నాను.

కూరకు కోసే లేత కాయ పనికిరాదు. మంచి కాయ ఒకటి తీగకే వదిలేయాలి. తొడిమ ఎండి బెండులా మారి, తొక్కలో గోరు దిగనప్పుడు తెంపి, మరో 20 రోజులు ఇంట్లో ఒక మూల ఉంచాలి. తర్వాత కోసి, గింజలకు అంటిన పీచును నీళ్లలో పిసికి కడిగి, పళ్లెంలో పలుచగా పరచాలి. కాగితం మీద వేస్తే అతుక్కుపోతాయి. మొదటిసారి గీకలేక నా గోళ్లు అరిగాయి. మా వేసవి ఎండ గింజను వేయించేస్తుంది కాబట్టి నీడలోనే పది రోజులు ఆరనివ్వాలి. వంచితే టక్కున విరగాలి. అప్పుడు గుప్పెడు కట్టెల బూడిద కలిపి సీసాలో వేసి గట్టిగా మూత పెట్టాలి. గుజ్జు ఎలాగూ పులుసులోకి పోతుంది.

హైబ్రిడ్ విత్తనంతో కాసిన కాయకు ఇది కుదరదు, మరుసటి పంట తల్లిలా రాదు. పక్క పెరట్లో వేరే రకం గుమ్మడి ఉన్నా తేనెటీగలు రెండింటి పుప్పొడినీ కలిపేస్తాయి. అలాంటప్పుడు మర్నాడు విచ్చుకునే ఆడ, మగ మొగ్గలను సాయంత్రమే దారంతో కట్టి, తెల్లవారగానే మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు అద్ది, దాన్ని మళ్లీ కట్టేయాలి.