చిన్న అగ్నిమాపక దళం నడపడం – 4వ పాఠం: లోపల ఎవరున్నారు?

పోయిన పాఠంలో నీళ్ల లెక్క చూశాం. 3,000 లీటర్ల ట్యాంకు నుంచి నిమిషానికి 400 లీటర్లు వదిలితే ఏడున్నర నిమిషాల్లో ఖాళీ అవుతుందని తేల్చుకున్నాం కదా. ఈసారి లెక్క మనుషులది. నిజానికి ఇదే మొదటి పాఠం కావాలి. కానీ కాగితాలూ బోర్డులూ అని మొదలుపెడితే వాలంటీర్లు రెండో వారం నుంచి రారు, అందుకే ముందు పంపు చూపించాను.

జీతాల మీద నడిచే దళంలో ఏ బండిలో ఎవరొస్తారో డ్యూటీ చార్టే చెబుతుంది. మనకి ఆ సుఖం లేదు. పిలుపు రాగానే ఇద్దరు స్టేషన్‌కి పరిగెత్తి ఇంజన్ తీసుకొస్తారు. మిగతావాళ్లు ఎక్కడి పనులు అక్కడే వదిలేసి, సొంత బళ్ల మీద నేరుగా మంట దగ్గరికే వస్తారు. కాసేపటికి ఎనిమిది మంది ఉంటారు. ఆ ఎనిమిది మంది ఎవరెవరో చెప్పమంటే మాత్రం ఒక్కరూ చెప్పలేరు. వెనకవైపు నుంచి వచ్చినవాడు వెనక తలుపులోంచే లోపలికి దూరితే, ముందున్న నాయకుడికి ఆ సంగతే తెలియదు.

దీనికి మందు చాలా చవక. ఒక్కొక్కరికీ పేరు చెక్కిన ప్లాస్టిక్ ట్యాగు ఒకటి ఇచ్చి కోటుకి తగిలించండి. వచ్చినవాళ్లు ముందు పంపు దగ్గరున్న డ్రైవర్‌కి ట్యాగు ఇవ్వాలి, తర్వాతే ఏ పనైనా. డ్రైవర్‌కే ఎందుకంటే, అక్కడ కాలు కదపకుండా ఉండేది ఆయనొక్కడే. బోర్డు మీద మూడు గళ్లు: బయట, లోపల, విశ్రాంతి. లోపలికి వెళ్లేటప్పుడు ట్యాగు గడి మారుతుంది, దాని పక్కన టైమూ, వీపు మీది గాలి సిలిండర్ గేజ్ చూపించే అంకే రాసుకోవాలి. తడిసినా చెరగని మైనపు పెన్సిల్ అయితే మంచిది. బాల్ పెన్ను నమ్ముకోకండి.

ట్యాగు ఇవ్వడం ఎంత ముఖ్యమో, వెనక్కి తీసుకోవడమూ అంతే. ఒకసారి మా పొగ డ్రిల్ ముగిశాక బోర్డు మీద ‘లోపల’ గడిలో ఒక ట్యాగు మిగిలింది. పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. మళ్లీ మాస్కులు తగిలించుకుని ఇద్దరం లోపలికి వెళ్లి, మోకాళ్ల మీద పాకుతూ గది గదీ తడిమాం. తీరా చూస్తే ఆ పెద్దమనిషి పావుగంట కిందటే ఇంటికెళ్లి భోంచేస్తున్నాడు. ఆ రోజు నవ్వుకున్నాం. అదే నిజం మంట అయ్యుంటే, ఇంట్లో ఉన్న మనిషి కోసం ఇద్దరు ప్రాణాల మీదికి తెచ్చుకునేవాళ్లు.

ఇక గాలి. సిలిండర్ మీద ఎన్ని నిమిషాలని ఉంటే అన్ని నిమిషాలూ వస్తుందనుకోవద్దు. 6 లీటర్ల సిలిండర్‌ని 300 బార్ ఒత్తిడికి (గేజ్ చూపించేది ఈ బార్ అంకెనే) నింపితే దాదాపు 1,800 లీటర్ల గాలి. కష్టపడి పనిచేసే మనిషి నిమిషానికి 60 లీటర్ల దాకా పీలుస్తాడు, టెన్షన్‌లో ఉన్న కొత్త కుర్రాడైతే ఇంకా ఎక్కువే. అంటే అరగంట. కానీ 55 బార్ దగ్గర, గాలి అయిపోవస్తోందని హెచ్చరించే విజిల్ మోగుతుంది, ఆ మిగిలినదాన్ని పనికి వాడుకోకూడదు. కాబట్టి చేతిలో ఉన్నది 24 నిమిషాలే, అందులోనే వెళ్లాలి, పని చెయ్యాలి, తిరిగి రావాలి.

జర్మనీ దళాల్లో ఒక పద్ధతి ఉంది: వెళ్లడానికి ఎంత గాలి ఖర్చయిందో, తిరిగి రావడానికి దానికి రెట్టింపు ఉంచుకోవాలి. 290తో లోపలికి వెళ్లి, మంట దగ్గరికి చేరేసరికి 240 ఉందనుకోండి. పోయింది 50, రావడానికి 100. దానికి విజిల్ తాలూకు 55 నేను కలుపుతాను. మొత్తం 155. గేజ్ 155కి రాగానే చేతిలో పని ఎంతలో ఉన్నా వెనక్కి తిరగాల్సిందే. విజిల్ మోగాక తిరుగుదామనుకుంటే ఆలస్యమైపోయినట్టే.

నలుగురే ఉన్నప్పుడు ఏం చెయ్యాలని చాలామంది అడుగుతారు. అమెరికాలో 1998 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం ఇద్దరు లోపలికి వెళితే, వాళ్లని కాపాడటానికి ఇద్దరు సిద్ధంగా బయట ఉండాలి. లోపల మనిషి చిక్కుకున్నాడని తెలిసినప్పుడు మాత్రం మినహాయింపు ఉంది. మీ దగ్గర ముగ్గురే చేరి, లోపల ఎవరూ లేరని తేలితే, కిటికీలోంచి నీళ్లు కొడుతూ నాలుగోవాడి కోసం ఆగండి. ఇల్లు కాలిపోతుంటే బయట నిలబడ్డారని జనం తిడతారు. తిట్టనివ్వండి.

హాజరు తీసుకోవడం ఎలా? రేడియోలో ‘అందరూ బాగున్నారా?’ అని అడగొద్దు. ఎవరో ఒకరు ‘బాగున్నాం’ అంటారు, ఆ ఒక్క మాటతో అందరి లెక్కా తేలిపోయిందనిపిస్తుంది. జట్టు పేరు పెట్టి పిలవండి. జవాబులో ఎంతమంది, ఎక్కడ, ఎంత గాలి, ఈ మూడూ ఉండాలి: ‘ఒకటో జట్టు, ఇద్దరం, వెనక గది, 180.’ ఇద్దరిలో తక్కువ ఉన్నవాడి గేజే చెప్పాలి. పది నిమిషాలకొకసారి పిలవండి. కప్పు కూలినా, బయటికి రమ్మని ఆర్డరిచ్చినా వెంటనే పిలవండి. రెండుసార్లు పిలిచినా పలకకపోతే బయటున్న ఇద్దరినీ పంపండి.

ఒంటిమీది కదలిక అలారం ఉంది కదా అనొచ్చు. మనిషి దాదాపు అరనిమిషం కదలకుండా ఉంటే అది కూస్తుంది, నిజమే. కానీ బయట ఊరికే నిలబడి కబుర్లాడేవాళ్ల దగ్గరా కూస్తుంది. ఆ కూత చెవులకి అలవాటైపోతే ఇక ఎవరూ తల తిప్పి చూడరు. డ్రిల్‌లో అది కూసిన ప్రతిసారీ అందరూ అటు తిరిగి చూడాలని పట్టుబట్టండి.

ఈ వారం అభ్యాసం. మంట అక్కర్లేదు, ఖాళీ గదులు చాలు. మాస్కు అద్దాలకి కాగితం అంటించి జట్లని లోపలికి పంపండి. మధ్యలో చెప్పాపెట్టకుండా ఒకరిని పక్క తలుపులోంచి బయటికి లాగి కూర్చోబెట్టండి. ఆ సంగతి బోర్డు దగ్గరున్నవాడికి ఎన్ని నిమిషాలకి తెలిసిందో గడియారం చూసి రాసుకోండి.

ఒక లెక్క కూడా కట్టండి. 7:10కి ఇద్దరు లోపలికి వెళ్లారు, ఒకరి గేజ్ 280, రెండోవారిది 260. 7:16కి మంట దగ్గరికి చేరారు, ఇప్పుడు 240, 200. వాళ్లు ఏ టైముకి వెనక్కి తిరగాలి? జవాబు 5వ పాఠం మొదట్లో.