బ్రీత్ అనలైజర్‌లో ఊదే ముందు తెలుసుకోవలసిన విషయాలు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉన్నప్పుడు బండి నడపడం నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారి పట్టుబడినవారికి ఆరు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఈ 30ని పెగ్గుల్లోకి మార్చి లెక్క వేసుకోవద్దు. ఒకే కొలత తాగిన ఇద్దరిలో బరువును బట్టి, కడుపులోని ఆహారాన్ని బట్టి, తాగిన వేగాన్ని బట్టి అంకె మారుతుంది. పైగా గ్లాసు కింద పెట్టిన తరువాత కూడా అది కొంతసేపు పెరుగుతూనే ఉంటుంది. దిగడం మాత్రం నిదానం, గంటకు సగటున 15 మిల్లీగ్రాములే. అంటే అర్ధరాత్రి 120 ఉన్న మనిషికి తెల్లవారి 6 గంటలకు కూడా 30 దగ్గరే ఉండవచ్చు. నిద్రపోయి లేచాం కదా అని పిల్లలను బండిమీద బడికి దించడానికి బయలుదేరేవారిని తలచుకుంటేనే నాకు భయం వేస్తుంది. మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం ఆ వేగాన్ని పెంచవు.

యంత్రం కొలిచేది రక్తాన్ని కాదు, ఊపిరిని. ఊపిరిలో ఉన్నదానికి సుమారు 2,100 రెట్లు రక్తంలో ఉంటుందన్న సగటు మీద చాలా యంత్రాలు లెక్క కడతాయి. ఆ నిష్పత్తి మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి, హద్దుకు దగ్గరగా వచ్చిన అంకె అటూ ఇటూ తప్పవచ్చు. అంతకంటే పెద్ద చిక్కు నోట్లో మిగిలిన ఆల్కహాల్. మౌత్‌వాష్, కొన్ని దగ్గు మందులు, హోమియో చుక్కలు వాడిన వెంటనే ఊదితే, చుక్క తాగనివారికి కూడా ఎక్కువ అంకె రావచ్చు; అయితే అది సాధారణంగా 15 నిమిషాల్లో పోతుంది. అందుచేత మందు వేసుకున్న సంగతి ముందే చెప్పి, నోరు పుక్కిలించి, పావుగంట ఆగి మళ్లీ పరీక్షించమని మర్యాదగా కోరండి. గొట్టం కొత్తదేనా, ఊదే ముందు తెరపై సున్నా ఉందా అన్నది చూసుకోండి.

ఊదనని మాత్రం మొండికేయవద్దు. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే 205వ సెక్షన్ కింద అది మీకు వ్యతిరేకంగా నిలవవచ్చు. అంకెను ఒప్పుకోలేకపోతే రక్తపరీక్ష కోరండి. అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా వైద్యపరీక్ష జరిపించాలని చట్టమే చెబుతోంది.

తెలంగాణలోనైతే బండి గురించి ఆందోళన అక్కరలేదు. తాగి నడిపారన్న కారణంతో వాహనాన్ని పోలీసులు స్వాధీనం చేసుకోరాదని హైకోర్టు 2021లో చెప్పింది. పక్కన తాగనివారు, లైసెన్సు ఉన్నవారు ఉంటే వారికి అప్పగించాలి, లేకపోతే బంధువునో స్నేహితుణ్నో పిలిపించాలి. ఫోన్‌లో అలాంటి ఒకరి నంబరు సిద్ధంగా ఉంచుకుని, వీలైతే ఊదాల్సిన అవసరం రాకముందే, బయలుదేరేటప్పుడే వారిని పిలవండి.